ఊట ఆగిన చోట

నెల్లూరోళ్లకు నూనె అంటే కృష్ణపట్నం రేవులో దిగి పంటపాళెం రిఫైనరీలకు పోయే పామాయిలే. నేలలోంచి చమురు తోడే బావి మన తీరంలో లేదు. అది చూడాలంటే కోనసీమ దాకా పోవాలి. 1987లో బయటపడ్డ రవ్వ క్షేత్రం చమురు అక్కడ ఎస్.యానం దగ్గర ఒడ్డు చేరుతుంది. అయినా ఈ వారం చమురు కబురే. పెన్నా ఇసుకలో చెలమ తీసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది.

చెలమలో నీళ్లు ఇసుక రేణువుల సందుల్లోంచి ఊరతాయి. చమురూ అంతే. భూమి కింద చెరువేమీ ఉండదు, ఇసుకరాయి రంధ్రాల్లో చమురు ఇంకి ఉంటుంది. మొదట్లో లోపలి ఒత్తిడే దాన్ని పైకి తోస్తుంది. అది తగ్గాక పక్క బావిలోంచి నీళ్లెక్కించి తోస్తారు. అంత చేసినా సగటున మూడింట రెండొంతుల చమురు రాతిలోనే ఉండిపోతుంది. సన్నటి సందుల్లో అతుక్కున్నది కదలదు. నీళ్లేమో సులువైన దారి చూసుకుని పక్కనుంచి పోతాయి.

చెలమకు ఒండ్రు పట్టి ఊట తగ్గితే చేత్తో తోడేస్తాం. చమురు బావి అడుగున రాతి రంధ్రాలకు మైనం, బంకమన్ను, తవ్వినప్పటి మడ్డి అడ్డుపడతాయి. అక్కడికి కేబుల్‌తో ఒక పరికరం దింపి అల్ట్రాసౌండ్ పంపిస్తారు. సెకనుకు 20 వేలకు పైబడిన ఆ కంపనాలకు మడ్డి విడిపోతుంది, పుట్టే వేడికి చమురు కాస్త పలచబడుతుంది. మడ్డి వదిలించడానికి యాసిడ్ పోయనక్కర్లేకపోవడం నాకు బాగా నచ్చిన సంగతి.

అయితే ఆ శబ్దం రాతిలో ఎంతో దూరం పోదు, బావి గోడ దాటిన కాసేపటికే చచ్చిపోతుంది. మన బోట్లలో చేపల జాడ చూపే ఎకో సౌండర్‌దీ ఇదే తంతు. 200 కిలోహెర్ట్‌జ్‌లో బొమ్మ స్పష్టం, లోతు తక్కువ. 50లో లోతు ఎక్కువ. దూరాన ఉన్న చమురును కదిలించాలంటే భూకంపంలాంటి మంద్రమైన ఊపు కావాలి. 1952లో కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ కంపించినప్పుడు కొన్ని బావుల దిగుబడి మారిందట.

కాబట్టి ఈ అల్ట్రాసౌండ్ పద్ధతి పూడికతీత విద్య. రాయిని పిండేస్తామనే మాట నమ్మొద్దు. దిగుబడి పెరిగిందని ఎవరైనా చెబితే రెండు ప్రశ్నలడగండి: ఆర్నెల్ల తర్వాత ఎంతుంది? పెరిగింది చమురా, నీళ్లా?