వేట, ఆట, చూపు: 'ది రన్నింగ్ మ్యాన్' సినిమాను శేషాచలం కింద నిలబడి చూస్తే

మనిషిని మనిషి వేటాడుతుంటే దాన్ని ఆటగా టీవీలో చూపించడం మీద అమెరికాలో చాలా సినిమాలొచ్చాయి. వాటిలో బాగా పేరున్నది 1987లో వచ్చిన 'ది రన్నింగ్ మ్యాన్'. పాల్ మైకేల్ గ్లేజర్ దర్శకుడు, ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ హీరో. స్టీఫెన్ కింగ్ 1982లో రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో అచ్చేసిన నవల దీనికి ఆధారం. అదే నవలను 2025లో ఎడ్గర్ రైట్ మళ్ళీ సినిమా తీశాడు. ఫైటింగుల సినిమాలు గదా అని మన విమర్శకులు ఇట్లాంటివాటిని పట్టించుకోరు. మన పిల్లలు మాత్రం వీటినే చూస్తారు. కాబట్టి ఇది పక్కనబెట్టాల్సిన సినిమా కాదని మేం అనుకుంటున్నాం. అట్లాగని నెత్తిన పెట్టుకోవాల్సిన సినిమా కూడా కాదు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

1987 నాటి సినిమాలో కథ ఇది. తిండి లేని జనం బేకర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో గుమిగూడతారు. వాళ్ళ మీద కాల్పులు జరపమని పోలీసు హెలికాప్టర్ నడిపే రిచర్డ్స్‌కు ఆదేశం వస్తుంది. అతను ఒప్పుకోడు. పక్కనున్నవాళ్ళు అతన్ని పడగొట్టి కాల్పులు జరుపుతారు. తర్వాత టీవీ వాళ్ళు ఫిల్మును కత్తిరించి అతికించి, జనాన్ని చంపింది అతనే అన్నట్టు చూపిస్తారు. అతనికి 'బేకర్స్‌ఫీల్డ్ బుచర్' అని పేరు పెడతారు. ఆ మాటను తెలుగులో 'కసాయి' అని రాయబోయి ఆగాం. మాంసం కోసి బతికేవాళ్ళ వృత్తి పేరును హంతకుడికి మారుపేరు చేసుకున్న భాష మనది. ఇంగ్లీషుదీ అదే బుద్ధి.

ఆ తర్వాత రిచర్డ్స్‌ను టీవీ ఆటలోకి తోస్తారు. ఖైదీలు పరుగెత్తాలి, వేటగాళ్ళు వెంటబడి చంపాలి, జనం ఇంట్లో కూర్చుని పందేలు కాయాలి. గెలిచినవాడికి క్షమాభిక్ష అని చెప్తారు. గతంలో గెలిచినవాళ్ళు సముద్రం ఒడ్డున సుఖంగా ఉన్నారని బొమ్మలు చూపిస్తారు. ఆ గెలిచినవాళ్ళ శవాలే ఆట జరిగే చోట బయటపడతాయి. చివర్లో అసలు ఫిల్ము టీవీలో ప్రసారమవుతుంది. నిజం తెలిసిన జనం తిరగబడతారు. ఆట నడిపే కిలియన్ చస్తాడు. ఆ పాత్ర వేసిన రిచర్డ్ డాసన్ నిజజీవితంలో కూడా టీవీ ఆటల వ్యాఖ్యాతే.

ఈ సినిమా ఒక విషయం గట్టిగా పట్టుకుంది. మనిషిని చంపడానికి ముందు వాడికో పేరు పెట్టాలి. నేరస్తుడు, దొంగ, స్మగ్లర్ అనే పేరు ముందొస్తుంది, తూటా తర్వాతొస్తుంది. పేరు అతికిన తర్వాత చావు వార్త కాదు, లెక్క మాత్రమే.

మా జిల్లాలో ఇది కల్పన కాదు. 2015 ఏప్రిల్ 7న, అప్పటి చిత్తూరు జిల్లా చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో 20 మంది కూలోళ్ళు ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో చచ్చిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళు. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. జవ్వాది కొండల మలయాళీ గిరిజనులు కూడా వాళ్ళలో ఉన్నారు. రాళ్ళతో, కత్తులతో దాడి చేస్తే ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ముందే పట్టుకుని తర్వాత చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. సీబీఐ విచారణ జరగాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ సంవత్సరమే సిఫారసు చేసింది.

ఆ రోజు టీవీలో, మర్నాడు పత్రికల్లో మనందరం చూసిన బొమ్మ ఒకటుంది. నేల మీద శవాలు, పక్కనే దుంగలు. చనిపోయినవాడి చేత 'నేను దొంగను' అని చెప్పించే బొమ్మ అది. అక్కడ ఎవరూ ఫిల్మును కత్తిరించాల్సిన పని లేదు. శవం పక్కన దుంగ కనబడితే చాలు, మిగతా కథ చూసేవాడే అల్లుకుంటాడు.

ఇక్కడే మాకు సినిమాతో పేచీ. నిజం తెరమీద కనబడితే జనం మారతారని సినిమా నమ్ముతుంది. అందులో జనం ఒకే ముద్ద. అబద్ధం చూపిస్తే ఒక పక్కకు, నిజం చూపిస్తే ఇంకో పక్కకు మొత్తంగా ఊగుతుంది. మన జనం అట్లా ఒక ముద్దగా లేరు. 2015లో తమిళనాడులో నిరసనలు జరిగాయి. ఇక్కడ హక్కుల సంఘాల వాళ్ళు, కొందరు రచయితలు, విద్యార్థులు మాట్లాడారు. మిగతా చోట్ల 'దొంగలే గదా', 'మనోళ్ళు కాదు గదా' అన్న మాటలే ఎక్కువ విన్నాం. మన పేటల్లోనూ విన్నాం. దాచుకోవాల్సిన పని లేదు.

అంబేద్కర్ అంచెలంచెల అసమానత అని చెప్పింది ఇందుకే. పైవాడి కింద నలుగుతున్నవాడు కూడా తన కింద ఇంకొకడున్నాడని తృప్తిపడే ఏర్పాటు అది. ఈ ఏర్పాటులో ప్రేక్షకుడికి నిజం తెలియక కాదు, తెలిసినా వాడికి దాంతో పనిలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల్ని పొలాల్లోకి తరిమి వేటాడింది పట్టపగలు. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని హైకోర్టు 2014లో కొట్టేసింది. కనబడకపోవడం అక్కడ సమస్య కాదు. ఎవరు చూస్తున్నారు, ఏ మెట్టు మీద నిలబడి చూస్తున్నారు అన్నదే సమస్య. ఈ ప్రశ్న సినిమాకు తట్టలేదు.

రిచర్డ్స్‌తో పాటు ఆటలోకి దిగినవాళ్ళలో లాఫ్లిన్ అనే నల్లజాతి మనిషి ఉన్నాడు. యాఫెట్ కోటో వేసిన పాత్ర. మొదటినుంచీ పోరాటంలో ఉన్నవాడు అతను. రిచర్డ్స్‌కు మొదట్లో ఆ పోరాటంతో పనే లేదు. సినిమా మాత్రం లాఫ్లిన్‌ను మధ్యలోనే చంపేసి, కండలు తిరిగిన తెల్లమనిషి చేతికి తిరుగుబాటును అప్పజెప్తుంది. పోరాటం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఈ విషయంలో నవలే మేలు. అందులో రిచర్డ్స్ ఖైదీ కాదు, పని దొరకని కూలోడు. జబ్బు పడిన బిడ్డకు మందు కొనలేక తనే పోయి ఆటలో పేరు రాయించుకుంటాడు. 2025 సినిమా ఈ కారణాన్ని మళ్ళీ తెచ్చుకుంది. 'వాడు తప్పు చేశాడా లేదా' అనే ప్రశ్న అప్పుడు 'వాడు ఎందుకు దిగాడు' అని మారుతుంది. కొండ ఊళ్ళల్లో పనుల్లేక, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, భాష తెలియని అడవిలోకి గొడ్డలి పట్టుకుని వచ్చే మనిషికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. చెట్టు కొట్టడం చట్టం ప్రకారం నేరమే. నేరానికి కోర్టుంది. నేరం చేశాడా లేదా అని వాదిస్తూ కూర్చుంటే, కోర్టు లేకుండా చావెందుకొచ్చింది అన్న ప్రశ్న మరుగున పడుతుంది.

మరి ఆ కూలోడి మీద మన సినిమా ఏం చెప్పింది? 2021లో సుకుమార్ తీసిన 'పుష్ప: ది రైజ్' శేషాచలం ఎర్రచందనం కథే. మా చిత్తూరు యాస హీరో నోట పలికింది. నవ్వులాటకు వాడుకునే యాసను హీరోకు ఇవ్వడం చిన్న సంగతి కాదు, ఒప్పుకుంటాం. కానీ చెట్టు కొట్టే కూలీగా మొదలైన కథ సిండికేట్ పెద్ద కుర్చీలో తేలుతుంది. కూలీ గౌరవం కూలీల గౌరవం కాలేదు, కూలీతనం నుంచి ఒక్కడు బయటపడటమైంది. పైగా అతని బాధంతా తండ్రి ఇంటిపేరు దక్కకపోవడం. 2024లో వచ్చిన రెండో భాగంలో ఆ ఇంటివాళ్ళు తనను కలుపుకున్నాకే అతని మనసు కుదుటపడుతుంది. ఇంటిపేరే అవమానానికి మూలమైన వ్యవస్థలో, ఆ ఇంటిపేరు అందుకోవడాన్ని విముక్తి అనలేం. అడవిలో రాలిపోయిన 20 మందికి ఈ రెండు భాగాల్లోనూ చోటు లేదు.

రెండో భాగంలో గంగమ్మ జాతర ఉంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథ మనకందరికీ తెలుసు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాడిని ఆ తల్లి వేషాలు మార్చుకుంటూ వెదుకుతుంది. భయపడి దాక్కున్న పాలెగాడు దొర వేషం చూసి, తనలాంటివాడే గదా అని బయటికొస్తాడు. అప్పుడు తల నరుకుతుంది. ఇది కూడా ఊరంతా చూసే వేటే. కానీ ఇక్కడ పరుగెత్తేది పాలెగాడు. దొర మొహాన్నే దొర నమ్ముతాడని తెలిసిన జనం కట్టుకున్న కథ ఇది. 'ది రన్నింగ్ మ్యాన్'కు అందని తెలివి ఇందులో ఉంది. అట్లాగని జాతరను కూడా పూర్తిగా మెచ్చుకోలేం. తోటి వేషానికీ, మాతంగి వేషానికీ ఆ వారం దండం పెట్టిన చేతులు, మిగతా సంవత్సరం తోటి పనికి ఎవర్ని పంపాయి అని అడగాల్సిందే.

నిజాన్ని తెరమీద వేస్తే చాలదని చెప్పాం. అయితే ఏం చేయాలి? శేషాచలం విషయంలోనే ఒక దారి కనబడుతుంది. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పోలీసుల బొమ్మను నమ్మలేదు. కోర్టుకు పోయారు. కోర్టు ఆదేశంతో కొన్ని శవాలకు రెండోసారి పోస్టుమార్టం జరిగింది. భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న కొండోళ్ళు 'మీరు చూపించింది చాలదు, మళ్ళీ చూడండి' అని పట్టుబట్టారు. ఆ పట్టుదల పోస్టుమార్టం దగ్గరే ఆగిపోకూడదు. తరగతి గదిలో సినిమా పాఠం చెప్పే టీచర్లు, సంఘాల్లో పనిచేసే విద్యార్థులు ఈ సినిమాల పక్కన ఆ కేసు కాగితాలు కూడా పెట్టి చదివించాలని మా కోరిక. తెరమీద శవం పక్కన దుంగ కనబడినప్పుడు, దాన్ని అక్కడ ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని పిల్లలు అడగడం నేర్చుకోవాలి.