జెల్లీఫిన్: అసలు ఫైలు జోలికి పోని పనితనం

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ను సొంత మీడియా సర్వర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లలో నాకు జెల్లీఫిన్ అంటే ప్రత్యేకమైన గౌరవం. 2018 చివర్లో ఎంబీ అనే మీడియా సర్వర్ తన కోడ్‌కు తలుపులు మూసినప్పుడు, అప్పటిదాకా అందరికీ అందుబాటులో ఉన్న కోడ్ తీసుకుని కొందరు వేరుపడి దీన్ని మొదలుపెట్టారు. దీనికి చందా లేదు. మనం ఏం చూస్తున్నామో వేరే కంపెనీకి తెలియాల్సిన పనీ లేదు.

డాకర్ కంటైనర్‌లో పెట్టి నడిపితే దీని నేర్పు బాగా తెలుస్తుంది. కంటైనర్ సెట్టింగులు రాసే కాంపోజ్ ఫైల్లో మూడు ఫోల్డర్లు చూపిస్తాం. కాన్ఫిగ్‌లో యూజర్లు, పోస్టర్లు, ఎవరు ఏ సినిమా ఎక్కడిదాకా చూశారన్న లెక్క ఉంటాయి. కాష్ పోయినా మళ్లీ తయారవుతుంది. మూడోది మన వీడియోలున్న ఫోల్డర్. దాని చివర రీడ్-ఓన్లీ అని సూచించే రెండక్షరాలు చేరిస్తే చాలు, లోపలి ప్రోగ్రాం పొరపాటున తుడిచెయ్యబోయినా లినక్స్ కెర్నెలే ఒప్పుకోదు. వెబ్ పేజీలోంచి ఫైళ్లు తీసేసే సౌకర్యం దీంతో పోతుంది. పోనివ్వండి, తాతగారి షష్టిపూర్తి వీడియోకి ఆ మాత్రం కాపలా ఉండాలి.

అసలు పనితనమంతా ప్లే నొక్కిన క్షణంలో ఉంది. టీవీయో ఫోనో తాను ఏయే ఫార్మాట్లు ఆడించగలదో ముందే చెబుతుంది. ఫైలు దానికి సరిపోతే సర్వర్ ఉన్నదున్నట్టు పంపేస్తుంది. బొమ్మా శబ్దమూ సరిపోయి, ఎంకేవీ అన్న పెట్టె ఒక్కటే పడకపోతే, కూర మళ్లీ వండకుండా గిన్నె మార్చినట్టు పెట్టె మాత్రం మారుస్తుంది. శబ్దం ఒక్కటే పడకపోతే దాన్నే మారుస్తుంది. ఏదీ కుదరనప్పుడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మార్పిడి ప్రోగ్రాంతో బొమ్మను కూడా మళ్లీ ఎన్‌కోడ్ చేయిస్తుంది. ఆ అవసరం ఎందుకొచ్చిందో కూడా డ్యాష్‌బోర్డులో రాసి చూపిస్తుంది: ఈ పరికరానికి ఈ వీడియో కోడెక్ రాదు, అని. తాను చేసే బరువు పనికి ఇలా కారణం చెప్పే సాఫ్ట్‌వేర్ అరుదు.

మన ఇళ్లలోని పాత పెళ్లి డీవీడీలు దీనికి మంచి పరీక్ష. అవి ఎంపెగ్-2లో, గీత విడిచి గీత రికార్డయిన బొమ్మలు. బ్రౌజర్లు వాటిని నేరుగా ఆడించలేవు. జెల్లీఫిన్ అప్పటికప్పుడు ఆ గీతలను కలిపి, చిన్నచిన్న ముక్కలుగా హెచ్.264లోకి మార్చి పంపుతుంది. డిస్క్‌లోని అసలు ఫైలు అలాగే ఉంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న యంత్రమైతే ఆ పరికరాన్ని కంటైనర్‌కు అప్పగించి, సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్ చేస్తే ప్రాసెసర్‌కు చాలావరకు శ్రమ తప్పుతుంది. తెలుగు సబ్‌టైటిళ్లు ఖాళీ గళ్లుగా కనిపిస్తుంటే ఫాల్‌బ్యాక్ ఫాంట్ల ఫోల్డర్‌లో ఒక తెలుగు ఫాంటు పెట్టి చూడండి.

అప్‌డేట్ కూడా ఇంతే శుభ్రం. పాత కంటైనర్‌ను తీసేసి, కొత్త ఇమేజ్‌కు అదే కాన్ఫిగ్ తగిలిస్తే నిన్న ఆపిన చోటినుంచే సినిమా మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కొత్త వెర్షన్ డేటాబేస్ రూపాన్ని మార్చాక పాత వెర్షన్ దాన్ని చదవలేకపోవచ్చు. అందుకని ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని వదిలెయ్యకుండా వెర్షన్ నంబరు రాయండి. మారే ముందు సర్వర్ ఆపి, కాన్ఫిగ్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.