పోత ఇనుమూ, అల్యూమినియమూ: ఒక పిస్టన్ కథ

పోత ఇనుము గుణాలు మనకు పెనం దగ్గరే తెలుసు: బరువు, నిదానంగా వేడెక్కడం, ఏళ్ల తరబడి అరగకపోవడం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు పిస్టన్లు పోత ఇనుమువే. సిలిండరూ అదే లోహం. కనుక వేడికి రెండూ ఒకే లెక్కన ఉబ్బేవి, నడుమ సందు కొద్దిగా ఉంటే చాలు. పైగా ఆ ఇనుములోని గ్రాఫైట్ రేకులు రాపిడిని తగ్గించేవి. నిమిషానికి 1600 చుట్లు తిరిగే ఇంజినుకు ఇంతకంటే మంచి జోడీ అక్కర్లేదు.

అయితే వేగం కోరినవాళ్లకు ఆ బరువే అడ్డొచ్చింది. పిస్టన్ ప్రతి కొసనా ఆగి వెనుదిరగాలి. వేగం రెట్టింపైతే ఆ తిప్పుడుకు కావలసిన బలం నాలుగింతలవుతుంది. 1913లో ఇంగ్లిష్ ఇంజినీరు డబ్ల్యు.ఓ. బెంట్లీ ఫ్రాన్స్‌లోని డి.ఎఫ్.పి. కార్ల కంపెనీ ఆఫీసులో పిస్టన్ ఆకారపు అల్యూమినియం పేపర్‌వెయిట్ చూశాడు. 88 పాళ్లు అల్యూమినియం, 12 పాళ్లు రాగి కలిపి పిస్టన్లు పోయించాడు. ఇనుము సాంద్రత 7.2, ఈ మిశ్రమానిది 3కు లోపే. ఇనుప పిస్టన్ తల వేడిని పట్టుకుని కూర్చుంటే, ఇది చప్పున సిలిండర్ గోడకు దాటించేది. అందువల్ల కంప్రెషన్ కూడా పెంచగలిగాడు. ఆ పిస్టన్లు బిగించిన డి.ఎఫ్.పి. కారు ఇంగ్లండ్‌లోని బ్రూక్లాండ్స్ ట్రాక్ మీద రికార్డులు కొట్టింది.

కానీ అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. సందు ఎక్కువ వదిలితే చల్లటి ఇంజినులో టకటకా కొట్టుకుంటుంది, తక్కువ వదిలితే వేడికి బిగుసుకుపోతుంది. అలాగే, వేడి పెరిగితే సత్తువా తగ్గుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ తయారుచేసిన వై-మిశ్రమం (4 శాతం రాగి, 2 శాతం నికెల్, 1.5 శాతం మెగ్నీషియం) ఈ రెండో లోపాన్ని చాలావరకు తీర్చింది. మొదటిదాన్ని తగ్గించింది మాత్రం సిలికాన్. సుమారు 12 శాతం కలిపితే వ్యాకోచమూ తగ్గింది, అరుగుదలా తగ్గింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఇనుము పుట్టుకతో తెచ్చుకున్న నెమ్మదిని అల్యూమినియం ఒక్కో మూలకాన్నీ చేర్చుకుంటూ సాధించింది. తేలికదనం మాత్రం వదులుకోలేదు.

ఇనుమూ తప్పుకోలేదు. అల్యూమినియం పిస్టన్ నడుముకు చుట్టుకున్న రింగులు తరచూ పోత ఇనుమువే. బెంట్లీయే యుద్ధవిమానాల కోసం రూపొందించిన బి.ఆర్.1 ఇంజినులో సిలిండర్లూ అల్యూమినియమే, పిస్టన్లూ అల్యూమినియమే. అయినా సిలిండర్ లోపల, పిస్టన్ రాసుకునే చోట, ఆయన తొడిగించింది ఇనుప గొట్టాన్నే.