అబద్ధాలకోరు చెప్పిన నిజం

హైదరాబాదు నుంచి మేడ్చల్ మీదుగా ఉత్తరానికి సాగే రహదారి తూప్రాన్ చేరుతుంది. 1857 జూలై 17న బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరి 24న ఈ తూప్రాన్ ప్రాంతంలోనే కాల్చివేతకు గురయ్యారు. ఆయన మృతదేహాన్ని నగరానికి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. జనాన్ని భయపెట్టడం అందులో ఒక ఉద్దేశం. 'ఖాన్ సాహెబ్ ఇంకా బతికే ఉన్నారట' అన్న మాట పుట్టకుండా చేయడం మరొక ఉద్దేశమై ఉండాలి.

2011 మే 2న అబోటాబాద్‌లో ఉసామా బిన్ లాదిన్‌ను చంపిన అమెరికా ఇందుకు సరిగ్గా విరుద్ధమైన పని చేసింది. శవాన్ని యుద్ధనౌక మీది నుంచి అరేబియా సముద్రంలో దించివేసింది. ఫోటోలు బయటపెట్టలేదు. బయటపెట్టనక్కర లేదని అక్కడి న్యాయస్థానం కూడా 2013లో తీర్పు చెప్పింది. ఈ ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒకరు పరాయి పాలకుల కోటపై పోరాడినవారు. మరొకడు దారిన పోయే నిరపరాధులను సైతం గురిగా ఎంచుకున్నవాడు. పోలిక మరణ వార్త వరకే.

శవం కనబడలేదు గనుక మాటలు పుట్టాయి. మేడ్చల్, షామీర్‌పేటల చాయ్ హోటళ్ళలో జుమా నమాజు తరువాత ఈ ప్రస్తావన వస్తే చాలు, 'అతడు చావనే లేదు' అనేవారుంటారు. '2001లోనే మూత్రపిండాల జబ్బుతో పోయాడు, పదేళ్ళు దాచిపెట్టారు' అనేవారుంటారు. 'మొదటినుంచీ అతడు వాళ్ళ మనిషే' అనేవారూ ఉంటారు. ఒక కప్పు చాయ్ ముగిసేలోగా ఈ మూడింటినీ ఒకే నోటితో చెప్పగలవారు కూడా లేకపోలేదు. దాడికి ముందే చనిపోయాడన్న మాటను, ఇంకా బతికున్నాడన్న మాటను ఒకే వ్యక్తులు సమ్మతించే ధోరణి కనబడిందని 2012లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు కూడా. అయితే 2023లో మరి కొందరు ఆ విషయాన్ని తిరిగి పరిశీలించి, ఆ లెక్క అలా తేలడానికి ప్రధాన కారణం ఆ రెండింటినీ నమ్మనివారేనని చూపారు. కాబట్టి చాయ్ హోటల్ వాదిని అందరికీ ప్రతినిధిగా తీసుకోవడం సరికాదు.

ఈ అపనమ్మకాన్ని మూర్ఖత్వమని కొట్టివేయడం కూడా అన్యాయమే. బిన్ లాదిన్ ఆయుధంతో ఎదిరించాడని మొదట చెప్పిన శ్వేతసౌధం, మరునాడే అతని చేతిలో ఆయుధం లేదని మాట మార్చింది. లేని మారణాయుధాల పేరు చెప్పి 2003లో ఇరాక్‌ను ధ్వంసం చేసినదీ ఆ ప్రభుత్వమే. అంత దూరం పోనక్కర లేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగితే ముస్లిం యువకులనే పట్టుకుపోయి హింసించారు. తరువాత వారు నిర్దోషులుగా తేలారు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువస్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పులకు బలయ్యారు. బేడీలతో ఉన్న ఆ శవాల ఫోటోలను తెలంగాణ అంతా చూసింది. అవి చూసిన కళ్ళు ప్రభుత్వ ప్రకటన వినగానే తలాడించాలని ఎవరు ఆశించగలరు?

'ఒక్క ఫోటో చూపిస్తే నమ్మేవాళ్ళం' అన్న వాదం మాత్రం నిలవదు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును చంపాక అధికారులు ఆయన మృతదేహానికి ఫోటో తీయించారు. అయినా ఆయన తప్పించుకున్నారని, ఎక్కడో సాధువుగా జీవిస్తున్నారని నమ్మినవారు దశాబ్దాల తరబడి ఉన్నారు. అక్కడ నమ్మనివ్వనిది అభిమానం. ఇక్కడ నమ్మనివ్వనిది అనుమానం. ఈ రెంటిలో దేనికీ ఫోటో మందు కాదు.

ఇక ముస్లిం పాఠకుని చేతిలో ఉన్న కొలబద్ద ఏమిటి? హుజురాత్ సూరా ఆరవ ఆయతు, దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమంటుంది. నమ్మమని అనలేదు, తోసిపుచ్చమనీ అనలేదు. ఈ ఆయతును ఎత్తి చూపేవారిలో చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. వార్త తెచ్చినవాడు దుర్మార్గుడని తేలగానే తమ పని అయిపోయిందనుకుంటారు. నిజానికి పని మొదలయ్యేది అక్కడే. హజ్రత్ అబూ హురైరా (రజి) జకాత్ ధాన్యానికి కాపలా ఉన్నప్పుడు దొంగతనానికి వచ్చినవాడు ఆయతుల్ కుర్సీ మహిమ చెప్పి తప్పించుకున్న సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. వాడు అబద్ధాలకోరే అయినా ఆ ఒక్క మాట నిజమే చెప్పాడని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ వచ్చినవాడు షైతానని కూడా ఆయనే వెల్లడించారు. షైతాను చెప్పిన మాటను సైతం విడిగా పరిశీలించినప్పుడు, శ్వేతసౌధం మాటకు ఆ పరిశీలన ఎందుకు ఉండరాదు?

హదీసువేత్తలు బలహీనుడైన ఉల్లేఖకుని మాటను పక్కన పెట్టి, వేరే దారిన బలం చేకూరుతుందేమో వెదికారు. ఇక్కడ ఆ వేరే దారి ఉంది. 2011 మే 6న అల్ ఖాయిదా తానే తన నాయకుని మరణాన్ని ధ్రువీకరించింది. జూన్‌లో జవాహిరీ సంతాప ప్రసంగం చేశాడు. ఆ ఇంట్లో ఉన్న భార్యాపిల్లలు పాకిస్తాన్ అధీనంలో ఉండి, 2012 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాకు పంపబడ్డారు. శత్రువులిద్దరూ ఒకే మాట చెప్పినప్పుడు, అందులో ఒకరికి అది నష్టం కలిగించే మాట అయినప్పుడు, ఇఖ్రార్ విలువ తెలిసిన ఫిఖ్హ్ విద్యార్థికి వేరే వివరణ అక్కర లేదు.

అయితే అనుచరుల మాట కూడా గుడ్డిగా నమ్మదగినది కాదు. ముల్లా ఉమర్ 2013లో మరణిస్తే తాలిబాన్ ఆ సంగతి 2015 జూలై దాకా దాచిపెట్టింది. అదే నెల పండుగ సందేశం కూడా ఆయన పేరుతోనే వెలువడింది! అలాగే బిన్ లాదిన్ ఉనికి పాకిస్తాన్ సైన్యానికి ముందే తెలుసా, అతన్ని ప్రాణాలతో పట్టుకునే వీలుండిందా అన్న ప్రశ్నలు నేటికీ న్యాయమైనవే. చనిపోయాడా లేదా అన్న పిచ్చి వాదం ఈ ప్రశ్నలను మింగివేసింది.

అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. 'చావలేదు', 'వాళ్ళ మనిషే' అన్నవారు అతని పనులను గురించి తీర్పు చెప్పే బాధ్యత తప్పించుకుంటారు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారుస్సలాంలలో అల్ ఖాయిదా పేల్చిన బాంబులకు 224 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆఫ్రికన్లు; ముస్లింలూ ఉన్నారు. 2001 సెప్టెంబరు 11 దాడులలో దాదాపు 3,000 మంది పోయారు. ఆ దాడుల బాధ్యతను 2004 అక్టోబరు వీడియోలో అతడే ఒప్పుకున్నాడు. నిరపరాధిని చంపడం హరాం అన్న మాట అతని పేరు పెట్టి పలకడానికి నోరు రానివారికి ఈ కట్టుకథ ఒక ఆశ్రయం.

ఈ ప్రాంతంతో ముడిపడిన సంగతి ఇంకొకటి ఉంది. భారతదేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో విడుదల చేసిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం మేడ్చల్ దగ్గరే ఉంది. షామీర్‌పేట దాటితే తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ. కోవాక్సిన్ వచ్చింది అక్కడినుంచే. అబోటాబాద్‌లో బిన్ లాదిన్ ఇంటి పిల్లల నుంచి నమూనాలు సేకరించడానికి అమెరికా గూఢచారులు ఒక డాక్టరు చేత నడిపించిన దొంగ శిబిరం కూడా హెపటైటిస్-బి టీకాల పేరిటే జరిగింది. 2011 జూలైలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టాయి. 2012 జనవరిలో అమెరికా రక్షణ మంత్రి ఆ డాక్టరు సహకారాన్ని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో పాకిస్తాన్‌లో పోలియో చుక్కలు వేయడానికి వెళ్ళిన కార్యకర్తలను, స్త్రీలని కూడా చూడకుండా, కాల్చిచంపారు. టీకా కార్యక్రమాలను ఇక గూఢచర్యానికి వాడబోమని శ్వేతసౌధం 2014లో తెలిపింది. అబోటాబాద్ మోసం తేలింది విలేఖరుల విచారణతో, తరువాత నేరుగా ఒప్పుకోలుతో. కరోనా రోజుల్లో టీకా వేయించుకుంటే సంతానం కలగదని ఫోన్లలో తిరిగిన మాటకు ఉల్లేఖకుడెవరో, అతడు ఎవరినుంచి విన్నాడో, ఆ మాటను ఇంటింటికీ పంపినవారిలో ఎవరూ అడగలేదు.