చిప్ ఎరిగిన చెయ్యి

పాత షెవర్లే పికప్‌లోకి కమారో కారు వీ8 ఇంజన్ దించడం కండబలం పని. ఆ ఇంజన్ కంప్యూటర్‌లో ఇంధనం లెక్కలు దాచే చిప్‌ను దానికి తగ్గట్టు ఎంచుకోవడం బుద్ధిబలం పని. అమెరికా గ్యారేజీల్లో ఆ ఒడుపు తెలిసిన మెకానిక్ ముందు ఇంజన్ ఏ ఏడాదిదో అడుగుతాడు. 1986–89 ట్యూన్డ్ పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్ వచ్చే గాలిని సెన్సర్‌తో నేరుగా కొలుస్తుంది. 1990–92ది మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి లెక్కగడుతుంది. ఒకదాని చిప్ ఇంకోదానికి పనికిరాదు. తర్వాత గేరుబాక్సు రకం, ఇంజెక్టర్ల సైజు చూస్తాడు. 1990 కమారో తాళంచెవిలో దొంగల్ని ఆపేందుకు చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాని తనిఖీని చిప్‌లో ఆపకపోతే ఇంజెక్టర్లు పెట్రోలు వదలవు. చిప్ కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడేసి పాత లెక్కలు చెరిపి, కొత్తవి రాసి, వెలుతురు పడకుండా కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుని నిలకడగా తిరుగుతుంది. గోరంత చిప్ వెనక కొండంత ఓర్పు! ఆ చేతికి దండం పెట్టాలి.