ఒక్కసారికి ఒక్కటే

టీవీలో బొమ్మ రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందుగా అడిగేది ఒక్కటే: "రావడం లేదంటే, సరిగ్గా ఏం కనిపిస్తోంది?" అవతలివాళ్ళకు ఈ ప్రశ్న నచ్చదు. తెర నల్లగా ఉంది, ఇంకేం కనిపిస్తుంది అంటారు. కానీ నల్లబడడంలో రకాలున్నాయి. గేమ్ కన్సోల్ నుంచి ఆడియో రిసీవర్‌కి, అక్కడి నుంచి టీవీకి వైరు వెళ్ళే ఇంట్లో ఈ రకాలు తెలియకుండా చెయ్యి పెడితే, పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి కూడా తెమలదు.

టీవీ తనంతట తాను "నో సిగ్నల్" అని చూపిస్తోందనుకోండి. ఆ పోర్టు దాకా ఏదీ చేరలేదన్నమాట. ఇన్‌పుట్ వేరేది ఎంచుకున్నారా, రిసీవర్ స్టాండ్‌బైలో ఉందా, ప్లగ్గు వదులైందా అన్నవి చూసుకోవాలి. అక్షరాలేవీ లేకుండా తెర నల్లగా ఉండి, స్పీకర్లలో మాత్రం ఆట శబ్దం వినిపిస్తుంటే, సిగ్నల్ రిసీవర్ దాకా వచ్చేసింది. ఇక వెతకాల్సింది రిసీవర్‌కీ టీవీకీ మధ్యనే. బొమ్మ మీద తెల్లచుక్కలు మెరుస్తున్నా, రెండు మూడు సెకన్లు మాయమై మళ్ళీ వస్తున్నా, లైను ఉంది గానీ నిలకడ లేదు. మెనూ చక్కగా వచ్చి ఆట మొదలవగానే నల్లబడితే, ఆ ఆట అడిగే రిజల్యూషన్‌నో ఫ్రేముల వేగాన్నో దారిలో ఏదో ఒకటి మోయలేకపోతోంది. రిమోట్ పక్కన పెట్టి అయిదు నిమిషాలు కళ్ళప్పగించి చూస్తే ఈ తేడాలన్నీ తెలుస్తాయి. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన అయిదు నిమిషాలు అవే. జనం వదిలేసేదీ వాటినే.

డాబా మీద యాంటెన్నా తిప్పిన తరానికి ఈ ఇబ్బంది లేదు. అప్పుడు సిగ్నల్ తగ్గితే చుక్కలు కమ్మేవి, నీడలు పడేవి, ఎంత తగ్గిందో కంటికి తెలిసేది. కాస్త తిప్పితే కాస్త బాగయ్యేది. డిజిటల్ సిగ్నల్ అలా మెల్లగా చెడదు. చివరిదాకా నిక్షేపంగా ఉంటుంది, హద్దు దాటగానే ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే "నిన్నటిదాకా బాగానే వచ్చింది" అన్న మాటను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. నిన్న ఆ కేబుల్ హద్దుకు ఎంత దగ్గరలో ఉందో బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ పెట్టెలను కలిపే వైరుది హెచ్‌డీఎంఐ ప్రమాణం, అది 2002 డిసెంబరులో వచ్చింది. ఆ ప్లగ్గులో 19 పిన్నులు. పన్నెండు పిన్నులు బొమ్మనూ ధ్వనినీ మోయడానికి. మిగిలిన ఏడూ రెండు పెట్టెలు ఒకదాన్నొకటి పలకరించుకోవడానికి. కన్సోల్ ఆన్ కాగానే 18వ పిన్ను మీద అయిదు వోల్టులు పంపుతుంది. అవతలి పెట్టె 19వ పిన్ను మీద వోల్టేజీ పెంచి తాను ఉన్నానని తెలుపుతుంది. అప్పుడు కన్సోల్ 15, 16 పిన్నుల మీదుగా అవతలి పెట్టెలో రాసి ఉన్న పట్టిక చదువుకుంటుంది. దాన్ని ఈడిడ్ అంటారు. ఏ రిజల్యూషన్లు చూపగలదు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎలాంటి ధ్వని అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆపైన కాపీలు తీయకుండా కాపాడే హెచ్‌డీసీపీ తనిఖీ. ఇవన్నీ కుదిరాకే తెర మీదకు బొమ్మ వస్తుంది.

మధ్యలో రిసీవర్ పెట్టామంటే ఈ తంతు రెండుసార్లు జరుగుతుంది. కన్సోల్‌కి రిసీవరే టీవీ, టీవీకి రిసీవరే కన్సోల్. టీవీ పట్టికలోని బొమ్మ వివరాలకు తన ధ్వని వివరాలు కలిపి రిసీవర్ కొత్త పట్టిక తయారుచేసి కన్సోల్‌కి చూపిస్తుంది. ఆ సమయానికి టీవీ ఇంకా మేలుకోకపోతే పట్టిక అరకొరగా తయారవుతుంది. హెచ్‌డీసీపీ 2.2 కావాల్సిన 4కే సినిమా అయితే మూడు పెట్టెలూ దాన్ని ఒప్పుకోవాలి, ఒక్కటి ఒప్పుకోకపోయినా నల్లతెర రావచ్చు. మూడు పెట్టెలూ విడివిడిగా ఆరోగ్యంగా ఉండి కూడా కలిసినప్పుడు బొమ్మ రాకపోవడం అందుకే జరుగుతుంది. తప్పు పెట్టెలో ఉండాలనేం లేదు. రెండు పెట్టెల మధ్య ఒప్పందంలోనూ ఉండొచ్చు.

కూకట్‌పల్లిలో మా అక్కవాళ్ళింట్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్లేస్టేషన్ 5, రిసీవర్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ హాలు వెనకాల కప్‌బోర్డులో. టీవీ ఎదురుగోడకి. మధ్యలో ఇంటీరియర్ పనులప్పుడు గోడలో వేసిన పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్. ఆట ఆడుతుంటే బొమ్మ పోతుంది, రెండు సెకన్లాగి వస్తుంది, మళ్ళీ పోతుంది. సెట్‌టాప్ బాక్స్ మాత్రం అదే రిసీవర్ మీదుగా అదే టీవీలో ఏ అడ్డూ లేకుండా నడుస్తోంది. వచ్చిన మెకానిక్ అది చూసి టీవీ, రిసీవర్, వైరు మూడూ బాగున్నాయి కాబట్టి కన్సోలే పోయింది అని తేల్చేశాడు. అతని తర్కంలో లోపం వెంటనే కనిపించదు. అక్క కూడా నమ్మేసింది.

"కొత్తది కొనేస్తే గొడవ వదిలిపోతుంది కదే," అంది.

"కొనే ముందు ఒక్క కేబుల్ ఇవ్వు," అన్నాను. కన్సోల్ డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్ మా అక్క కొడుకు వెతికి తెచ్చాడు. కన్సోల్‌ని టీవీ కిందకు తెచ్చి, ఆ కేబుల్‌తో నేరుగా టీవీకి పెట్టాం. వాడు అరగంట ఆడాడు. బొమ్మ ఒక్కసారీ పోలేదు. అంటే కన్సోల్ కూడా బాగున్నట్టే. సెట్‌టాప్ బాక్స్ సాక్ష్యంతో టీవీ, రిసీవర్, గోడలోని వైరు నిర్దోషులు. ఈ పరీక్షతో కన్సోల్ నిర్దోషి. దోషులెవరూ మిగల్లేదు, తప్పు మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి చోటికి వచ్చినప్పుడు, మనం అడిగిన ప్రశ్నల్లో ఒకటి పొరపాటుదని అర్థం చేసుకోవాలి. సెట్‌టాప్ బాక్స్ నడిచినంత మాత్రాన వైరు బాగున్నట్టేనా? ఆ బాక్స్ పంపేది 1080 బొమ్మ. 1080లో సెకనుకు 60 ఫ్రేములంటే లైను మీద సుమారు నాలుగున్నర గిగాబిట్లు. అదే 60 ఫ్రేములు 4కేలో పంపాలంటే దాదాపు 18 గిగాబిట్లు, అంటే నాలుగు రెట్లు. సైకిలు వెళ్ళిందని కాలిబాట మీదకు లారీని పంపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. అందుకని కన్సోల్‌ని తిరిగి కప్‌బోర్డులో పెట్టి, అన్ని వైర్లూ మొదట ఉన్నట్టే పెట్టి, సెట్టింగుల్లో రిజల్యూషన్ ఒక్కటే 1080కి దించాను. బొమ్మ కదలకుండా నిలిచింది. మళ్ళీ 4కేకి పెంచాను. మళ్ళీ పోవడం మొదలైంది.

ఇప్పుడు అనుమానం వేగం మీదకు మళ్ళింది. 4కే వేగాన్ని మోయలేనిది రిసీవరా, గోడలోని వైరా? రిసీవర్‌ని కప్‌బోర్డులోంచి తీసి టీవీ పక్కన పెట్టాం. కన్సోల్, రిసీవర్, టీవీ, మధ్యలో రెండూ పొట్టి కేబుళ్ళే. 4కేలో బొమ్మ నిలిచింది. రిసీవర్ కూడా బాగానే ఉంది. ఇక మిగిలింది గోడలోని ఆ పొడవాటి కేబుల్.

ఇక్కడ నేను వాడిన పద్ధతి అంతా ఒక్క మాటలో ఇమిడిపోతుంది: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఆ మార్పు వల్ల ఏమైందో చూడాలి. మళ్ళీ ఉన్నచోట పెట్టాకే ఇంకోదాని జోలికి వెళ్ళాలి. బొమ్మ రాకపోతే మనలో చాలామంది కంగారులో కేబుల్ మారుస్తారు, పోర్టు మారుస్తారు, టీవీ సెట్టింగులు రీసెట్ చేస్తారు, మూడు స్విచ్‌లూ కట్టేసి మళ్ళీ వేస్తారు. బొమ్మ వస్తుంది కూడా. కానీ ఏ మార్పు వల్ల వచ్చిందో తెలియదు. వారం తర్వాత మళ్ళీ పోతే మళ్ళీ మొదటి నుంచి తడుముకోవాల్సిందే. అన్నీ కట్టేసి వేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర కన్సోల్, ఈ వరసలో వేస్తే అరకొర పట్టిక బెడద చాలాసార్లు తీరిపోతుంది. అయితే దాన్ని కూడా ఒక పరీక్షగానే చేయాలి. అది ఒక్కటే చేసి, ఏమైందో చూడాలి.

పరీక్షలకు కావాల్సిన మీటలు కన్సోల్‌లోనే ఉన్నాయి. ప్లేస్టేషన్ 5లో హెచ్‌డీసీపీని సెట్టింగుల్లో ఆపేయవచ్చు. ఆపగానే బొమ్మ వస్తే ఆ తనిఖీ దగ్గరే చిక్కు. సినిమా యాప్‌లు నడవాలంటే మాత్రం తిరిగి ఆన్ చేసుకోవాలి. 4కే వీడియో ట్రాన్స్‌ఫర్ రేట్ అనే సెట్టింగ్‌ని ఆటోమేటిక్ నుంచి కిందకు దించితే లైను మీద బరువు తగ్గుతుంది. అప్పుడు బొమ్మ నిలిస్తే కేబుల్‌ని అనుమానించాలి. తెర పూర్తిగా నల్లగా ఉండి మెనూ కూడా కనిపించకపోతే, కన్సోల్ ఆపేసి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినిపించేదాకా నొక్కి ఉంచితే సేఫ్ మోడ్ వస్తుంది. రిజల్యూషన్ అక్కడ మార్చుకోవచ్చు. ఇక టీవీల్లో పోర్టు పూర్తి వేగంతో పనిచేయడానికి ఆన్ చేయాల్సిన సెట్టింగ్ ఒకటి ఉంటుంది. సామ్‌సంగ్ దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అంటుంది. అది ఒక పోర్టుకి ఆన్‌లో ఉండి ఇంకోదానికి ఆఫ్‌లో ఉండడం మామూలే. అందుకే పోర్టు మార్చడాన్ని కూడా విడిగా, ఒక పరీక్షగా చేయమంటాను.

వైరు ఎంత మంచిదైనా తప్పు లోపలి చిప్‌లో ఉండే సందర్భాలూ లేకపోలేదు. 2020లో డెనాన్, మరాంజ్, యమహా తెచ్చిన కొత్త రిసీవర్లలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కేలో సెకనుకు 120 ఫ్రేములు పంపితే తెర నల్లబడింది. ఎన్‌విడియా కొత్త గ్రాఫిక్స్ కార్డులతోనూ అంతే. ఆ ఏడాది అక్టోబరులో జర్మనీ పత్రిక సీటీ దీన్ని బయటపెట్టింది. రెండు వేరువేరు కంపెనీల పెట్టెలు ఒకే రిసీవర్ దగ్గర తప్పడం, రిసీవర్ లేకుండా పెడితే బాగుండడం, ఈ రెండూ కలిసి వేలు రిసీవర్ వైపే చూపించాయి. లోపం వాటిలోని హెచ్‌డీఎంఐ చిప్‌ది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పోయేది కాదు కాబట్టి డెనాన్, మరాంజ్ బయట తగిలించే అడాప్టర్ పెట్టె ఉచితంగా ఇచ్చాయి, యమహా లోపలి బోర్డు మార్చే ఏర్పాటు చేసింది. ప్రపంచమంతా అమ్ముడైన సరుకులో తప్పు పట్టుకోవడానికీ, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో తప్పు పట్టుకోవడానికీ దారి ఒక్కటే: మధ్యలోంచి ఒకదాన్ని తీసేసి ఏం మారిందో చూడడం.

చేతిపని గురించి కూడా రెండు మాటలు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. పెట్టె లోహం మీద చెయ్యి వేస్తే చిమచిమలాడుతుంటే, ఆ కరెంటు ప్లగ్గు పెట్టే క్షణంలో సున్నితమైన పిన్నుల గుండా పోవచ్చు. గోడ దగ్గర స్విచ్ కట్టేశాకే హెచ్‌డీఎంఐ ప్లగ్గు తీయండి, పెట్టండి. కొత్త కేబుల్ కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినా, సికింద్రాబాద్ వెళ్ళినా, బంగారు పూత చూసి మోజుపడకండి. ప్యాకెట్ మీద వెర్షన్ నంబరు ఎంత పెద్దగా రాసినా అది హామీ కాదు. 4కే 60కి ప్రీమియం హై స్పీడ్, 120 ఫ్రేములకు అల్ట్రా హై స్పీడ్ అన్న సర్టిఫికేషన్ లేబుల్ ఉందా అని అడగండి. ఆ లేబుల్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోవచ్చు. దూరం పెరిగేకొద్దీ రాగి వైరు ఆ వేగాన్ని మోయలేదు. గోడలో పొడవాటి కేబుల్ వేసేటప్పుడే ఆప్టికల్ రకం వేయించుకోవాలి. దానికి సోర్స్ వైపు ఏదో, డిస్‌ప్లే వైపు ఏదో రాసి ఉంటుంది, తిరగేసి పెడితే పనిచేయదు.

అక్కవాళ్ళింట్లో గోడ పగలగొట్టలేదు. కన్సోల్‌ని టీవీ కిందే ఉంచి పొట్టి కేబుల్‌తో నేరుగా పెట్టాం. ధ్వనిని మాత్రం టీవీ నుంచి వెనక్కి రిసీవర్‌కి పంపించాం. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ అనే ఏర్పాటు ఉన్నది అందుకే. ధ్వనికి అంత వేగం అక్కర్లేదు, గోడలోని పాత కేబుల్ ఆ బరువు తేలిగ్గా మోస్తుంది. కంప్రెస్ కాని అయిదు చానెళ్ళ ధ్వని ఏఆర్‌సీలో రాదు, డాల్బీ డిజిటల్‌తో సర్దుకోవాలి. మా అక్క కొడుకు సంతోషంగా సర్దుకున్నాడు.

అంతా కుదిరాక నేను కన్సోల్‌ని మళ్ళీ కప్‌బోర్డులోకి తీసుకెళ్ళి పాత పద్ధతిలో తగిలించాను.

"వచ్చేసింది కదా పిన్నీ, మళ్ళీ చెడగొడతావేంటి?" అన్నాడు వాడు.

చెడగొట్టి చూస్తేనే బాగుచేసినట్టు. తీసిన కేబుల్ తిరిగి పెట్టినప్పుడు తప్పు కూడా తిరిగి రావాలి. వస్తే కారణం దొరికినట్టు. రాకపోతే, వదులైన ప్లగ్గు ఒకటి మన చేతులు తగిలి బిగుసుకుని ఉండొచ్చు, మనం మాత్రం ఇంకేదో కనిపెట్టామనుకుంటాం. పాత కేబుల్ మీద బొమ్మ మళ్ళీ పోవడం వాడు కళ్ళారా చూశాడు. కేబులే కారణమని అప్పుడు ధైర్యంగా చెప్పాను, అక్క కొత్త కన్సోల్ కొనే ఆలోచన మానుకుంది. మన ఇళ్ళల్లో వస్తువులు పాడై చెత్తలోకి వెళ్ళేకన్నా, పాడయ్యాయని ఎవరో తొందరపడి తేల్చడం వల్ల వెళ్ళేవే ఎక్కువని నా నమ్మకం. "పోయింది" అనే ముందు దాన్ని రుజువు చేయమని అడిగే హక్కు ఇంటివాళ్ళకుంది, రుజువు చేయడం ఆ మాట అన్నవాళ్ళ బాధ్యత. పిల్లలకు ఆట నేర్పక్కర్లేదు, వాళ్ళకే వస్తుంది. ఆట ఆగిపోయినప్పుడు ఓపిగ్గా ఒక్కొక్కటే మార్చి చూడడం మాత్రం మనం పక్కన కూర్చుని నేర్పాలి.