గీసిన చెయ్యే లెక్క చూపాలి

మార్చి నెల వచ్చిందంటే డ్రాఫ్టింగ్ ఆఫీసుల్లో రెండు హడావుడులు మొదలవుతాయి. ఒకటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లు పెట్టాలి, షీట్లు త్వరగా ఇవ్వండని పైనుంచి వచ్చే ఒత్తిడి. రెండోది ఈసారి జీతం ఎంత పెరుగుతుందోనన్న ఆరాటం. మొదటిదాని గురించి అందరూ గట్టిగానే మాట్లాడుకుంటారు. రెండోదాని గురించి టీకొట్టు దగ్గర తప్ప ఎవరూ నోరు విప్పరు. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివినవాళ్లు, డిప్లొమా చేసి ఆటోక్యాడ్ నేర్చుకుని చేరినవాళ్లు ఇంకా బిడియపడతారు. "అన్నా, సార్‌ని ఎట్లా అడగాలె?" అని నన్ను పక్కకు పిలిచి అడుగుతుంటారు. చాలాకాలం గీసి, ఆ తర్వాత పదిమంది గీసినవి చెక్ చేస్తూ వచ్చినవాణ్ని. ఆ పిల్లలకు విడివిడిగా చెప్పేదే ఈ వారం అందరికీ చెబుతాను.

డ్రాయింగ్‌లో తప్పుంటే సైట్ అంతా గోల. కాంట్రాక్టర్ ఫోన్ చేస్తాడు, క్లయింట్ మెయిల్ పెడతాడు, గీసినవాడి పేరు పది నోళ్లలో నానుతుంది. అదే డ్రాయింగ్ సరిగ్గా ఉంటే మేస్త్రీ చూసుకుని పని కానిచ్చేస్తాడు, అంతే. మన పనిలో మంచితనానికి చప్పుడు ఉండదు. చెక్ ప్రింటు మీద సరైన కొలతకు పసుపు, తప్పుకు ఎరుపు పూస్తాం. దిద్దిన తర్వాత బయటికి వెళ్లే షీటు మీద ఆ రంగులేవీ ఉండవు. మొదటి ఏడు షీటు నిండా ఎరుపుతో తిరిగొచ్చిన కుర్రాడు రెండో ఏడు ఒకటి రెండు గుర్తులతో బయటపడుతున్నాడన్న సంగతి చెకర్‌కు తెలుసు, ఆ కుర్రాడికి తెలుసు. జీతం నిర్ణయించేవాడికి తెలియదు. అందుకే అంటాను, ఈ వృత్తిలో గీయడం ఎంత పనో, గీసినదాని లెక్క రాసి పెట్టుకోవడమూ అంతే పని. జీతం పెంచమని అడగడం ఆ లెక్కతోనే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మా టీములో ఒక అమ్మాయి బార్ బెండింగ్ షెడ్యూళ్లు చేసేది. ఒక భవనంలో ఒకే రకం బీములు నలభై ఉన్నాయి. ఒక్కోదాంట్లో పైన రెండు వరసల 20 ఎం.ఎం. కడ్డీలు. ల్యాప్ కలుపుకుని ఒక్కో వరసకు 12.4 మీటర్లు కావాలి. ల్యాప్ సరిగ్గా మధ్యలో పడటంతో రెండు ముక్కలూ 6.2 మీటర్లు వచ్చాయి. మార్కెట్లో కడ్డీ పొడవు 12 మీటర్లు. ఒక కడ్డీలోంచి 6.2 ముక్క ఒక్కటే వస్తుంది, 5.8 మీటర్లు మిగులుతుంది. రెండు వరసలకు నాలుగు కడ్డీలు తెగుతున్నాయి. ల్యాప్‌ను కాస్త జరిపి ముక్కల్ని 8 మీటర్లు, 4.4 మీటర్లు చేస్తే రెండు వరసలకు మూడు కడ్డీలు చాలు, ఎందుకంటే 4.4 ముక్కలు రెండు ఒకే కడ్డీలోంచి వస్తాయి.

ల్యాప్ ఎక్కడ పెట్టాలన్నది డ్రాఫ్ట్స్‌మన్ నిర్ణయించేది కాదు. ఆమె స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లి అడిగింది. ఆయన లెక్క చూసుకుని, అక్కడ ల్యాప్ పెట్టొచ్చని సంతకం చేశారు. నలభై బీములకు ఎనభై వరసలు, 160 కడ్డీల చోట 120. మిగిలినవి నలభై కడ్డీలు, అంటే 480 మీటర్లు. వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుందని మనవాళ్లందరికీ తెలుసు. 20 ఎం.ఎం.కు అది 2.47 కిలోలు. మొత్తం 1,185 కిలోల ఉక్కు. మిగిలిన ముక్కలు వేరేచోట వాడేవాళ్లేమో అనుకున్నా, కొనాల్సిన కడ్డీలు తగ్గాయన్నది కాదనలేని మాట.

ఆ రోజు ఆమె చేసిన అసలు తెలివైన పని వేరే ఉంది. తన నోట్‌బుక్‌లో తేదీ, షీటు నంబరు, తాను గమనించింది, దానివల్ల జరిగింది నాలుగు ముక్కల్లో రాసుకుంది. క్లయింట్ డ్రాయింగ్ ఫొటో తియ్యలేదు, ఫైలు ఇంటికి పంపుకోలేదు. ఆ హద్దు ఎవరూ దాటకూడదు. సొంత మాటల్లో రాసుకున్న నాలుగు ముక్కలకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. చెకర్ పెట్టే గుర్తులు నెలనెలా ఎలా తగ్గుతున్నాయో, సైట్ నుంచి తన షీట్ల మీద వచ్చిన సందేహాలెన్నో, కొత్తగా చేరినవాళ్లకు తాను ఏం నేర్పిందో కూడా అందులోనే.

ఇంక్రిమెంట్ల పట్టిక పైకి వెళ్లకముందే, ఫిబ్రవరిలో, మేనేజర్ దగ్గరికి వెళ్లింది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"సార్, నా పని గురించి, జీతం గురించి ఒక పది నిమిషాలు మాట్లాడాలి."

"అదంతా హెచ్ఆర్ చూసుకుంటుంది కదమ్మా."

"హెచ్ఆర్‌కు వెళ్లేది మీరిచ్చే రేటింగే కదా సార్. అందుకే ముందు మీ దగ్గరికొచ్చాను."

నోట్‌బుక్ తెరిచి వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. ఎంత కావాలని అడిగితే తడుముకోకుండా అంకె చెప్పింది. బడ్జెట్ అంత లేదన్నాడాయన. "ఇప్పుడు ఎంత కుదురుతుందో చెప్పండి సార్. మిగతాది రావాలంటే నేనేం చేసి చూపాలో, మళ్లీ ఎప్పుడు చూస్తారో కూడా చెప్పండి" అంది. సగం ఏప్రిల్‌లో వచ్చింది. షెడ్యూళ్లు ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేస్తే మిగతా సగం అక్టోబరులో ఇస్తామన్నారు. ఆ మాటను ఆ సాయంత్రమే మర్యాదగా మెయిల్‌లో రాసి పంపింది. అక్టోబరులో ఆ మెయిలే ఆమె తరఫున మాట్లాడింది.

తొలి ఏళ్లలోనే ఎందుకు అడగాలంటే, తర్వాతి పెంపులన్నీ ఆ మొదటి అంకె మీదే పడతాయి కాబట్టి. 18,000 దగ్గర ఒకరు, 20,000 దగ్గర ఒకరు ఉన్నారనుకోండి. ఇద్దరికీ ఏటా ఎనిమిది శాతమే పెరిగినా అయిదేళ్లకు మొదటివాడికి 26,448, రెండోవాడికి 29,387. రెండువేల తేడా దాదాపు మూడువేలైంది. కాబట్టి శాతాల్లో మాట్లాడుతుంటే మీరు రూపాయల్లోకి మార్చుకోండి.

రూపాయల్లోనూ సీటీసీ వేరు, చేతికొచ్చేది వేరు. పీఎఫ్‌కు బేసిక్, డీఏల మీద 12 శాతం మన వాటా, అంతే కంపెనీ వాటా. 12,000 మీద అది 1,440 చొప్పున. చాలాచోట్ల రెండు వాటాలూ సీటీసీలోనే చూపిస్తారు. సీటీసీ ఎంత పెరిగిందని సంబరపడే ముందు నెలకు చేతికి ఎంత పెరిగిందో అడగండి.

ఈఎస్ఐ సంగతి ఇంకా ముఖ్యం. దాని వేతన పరిమితి నెలకు 21,000. ఉద్యోగి కట్టేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. జీతం 20,500 నుంచి 21,500కు పెరిగితే వెయ్యి లాభమే అనిపిస్తుంది. అయితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అనే చందా కాలాల్లో నడుస్తున్నది ముగిశాక ఈఎస్ఐ నుంచి బయటపడతాం. కట్టిన చందాకు తగ్గ వైద్యం ఇంకొన్ని నెలలు అందుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలు ఈఎస్ఐ ఆసుపత్రిలో మందులు తీసుకుంటుంటే ఈ వెయ్యి ఏ మూలకూ సరిపోదు. పరిమితి దాటేటప్పుడు తల్లిదండ్రులకూ వర్తించే ఆరోగ్య బీమా కలిపి అడగాలి. అది అడగడం అత్యాశ కాదు, జీతంలో భాగమే.

అడగకూడని తీరులూ ఉన్నాయి. ఇంటద్దె పెరిగిందనీ, చెల్లి పెళ్లి ఉందనీ చెప్పుకోవద్దు. అవి నిజమైన కష్టాలే, నాకూ తెలుసు. కానీ జీతం మీ అవసరానికి ఇచ్చే సాయం కాదు, మీ పనికి కట్టే వెల. అవసరం చెప్పుకున్న మరుక్షణం మాట జాలి మీదికి మళ్లుతుంది. పక్కసీటువాడి జీతం ఎత్తి చూపించవద్దు, అతన్ని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా మానేస్తానని బెదిరించవద్దు. సబ్మిషన్ రేపనగా పని ఆపి అడగవద్దు. గెలిచినా ఆ గెలుపు ఎక్కువకాలం నిలవదు.

అడగడం మర్యాద కాదని అనుకునేవాళ్లకు మన వృత్తి చరిత్రలోని ఒక సంగతి చెప్పాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ, సీపీడబ్ల్యూడీలోని డ్రాఫ్ట్స్‌మన్ల జీతాల వ్యవహారం ఆర్బిట్రేషన్ బోర్డు దాకా వెళ్లింది. 1980లో వాళ్లకు అనుకూలంగా అవార్డు వచ్చింది. గ్రేడ్ 3 స్కేలు 260-430 నుంచి 330-560కి, గ్రేడ్ 2 స్కేలు 330-560 నుంచి 425-700కి, గ్రేడ్ 1 స్కేలు 425-700 నుంచి 550-750కి మారాయి. సీపీడబ్ల్యూడీలో లాంటి అర్హతలే ఉన్న ఇతర కేంద్ర శాఖల డ్రాఫ్ట్స్‌మన్లకూ ఆ స్కేళ్లు ఇస్తూ 1984 మార్చిలో ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది. టీస్క్వేరు పట్టుకుని ట్రేసింగ్ షీటు మీద ఇంకు గీతలు గీసిన తరం అది. అర్హత ముందుపెట్టి వెల తేల్చుకుంది.

ప్రైవేటు ఆఫీసులో గ్రేడుల మెట్లు ఉండవు, మన తరఫున బోర్డు దాకా వెళ్లే సంఘమూ చాలాచోట్ల లేదు. ఎవరి మాట వాళ్లే మాట్లాడుకోవాలి. అందుకే ఆఫీసు పెద్దలకు ఒక మాట. మీ దగ్గర రెండేళ్లు నలిగిన కుర్రాడు వెళ్లిపోతే, మీ లేయర్లు, మీ బ్లాకులు, మీ క్లయింట్ అలవాట్లు కొత్తవాడికి మళ్లీ మొదటినుంచి నేర్పాలి. ఆ నెలల్లో చెకర్ల సమయం ఎంత పోతుందో నేను చూశాను. అడిగినవాణ్ని తలబిరుసువాడిగా చూడకండి, లెక్కతో వచ్చినవాడికి లెక్కతోనే జవాబివ్వండి.

ఇక ఈ ఏడే చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఏప్రిల్ దాకా ఆగొద్దు, ఇవాళ గీసిన షీటుతోనే నోట్‌బుక్ మొదలుపెట్టండి. ఫిబ్రవరి రాగానే టైమ్ అడగండి, అంకె చెప్పండి, ఒప్పుకున్నది రాతలో తీసుకోండి. మీ పని విలువను మీకంటే ముందుగా మరెవరూ లెక్కకట్టరు.